పాత బ్యాటరీల సాయిబు గారు

మధ్యాహ్నం పన్నెండు గంటలకి మంగళగిరిలో ఒక వ్యాను పైకప్పు మీద మోకాళ్ళూని కూర్చున్నాను. తడిపిన గోనెసంచి పరుచుకున్నా రేకు వేడి మోకాలిచిప్పల్లోకి దిగుతూనే ఉంది. కాలిన రేకు మీద తడి గోనె పడగానే ఒక వాసన లేస్తుంది. ఆవిరీ, జనపనారా, పాత దుమ్మూ కలిసిన వాసన. అది ముక్కుకి తగిలిందంటే నా చేతిలో డ్రిల్లింగ్ మెషిన్ దానంతటదే ఆగిపోతుంది. కింద నుంచి బండి యజమాని, "ఏంటి మేడం, మంచినీళ్ళు కావాలా?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను. ఇలా సంచి తడిపి వేసుకుని బండి ఎక్కడం నాకు నేర్పిన మనిషి రహంతుల్లా గారు. భవానీపురంలో ఆయన కొట్టులో తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ మా పనిలో ఉన్నవాళ్ళ దగ్గర ఆయన పేరెత్తితే, "ఎవరు, ఆ పాత బ్యాటరీల సాయిబు గారా?" అంటారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. మండినా ఇన్నాళ్ళూ నోరు విప్పలేకపోయాను. ఆయన్ని ఎన్నడూ చూడని మీకు ఆ సంగతి చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

ఎలక్ట్రికల్ డిప్లొమా పట్టుకుని బెజవాడంతా తిరిగి, ఆడపిల్లకి ఈ పనేంటని నలుగురి చేతా అనిపించుకుని, చివరికి ఆయన కొట్టు మెట్లెక్కాను. కృష్ణ ఒడ్డుకి పోయే సందులో ఒకే షట్టరు, దాని ముందు రెండు లారీలు ఆగేంత ఖాళీ జాగా. అప్పటికి ఆయన ముప్ఫై ఏళ్ళుగా లారీల బ్యాటరీలు బాగుచేస్తున్నారు. కొత్తగా సోలార్ పని కూడా పెట్టారు. నా సర్టిఫికెట్లు చూడనేలేదు. చేతులు తుడుచుకుంటూ, "మీ ఇంట్లో ఫ్రిజ్జు రోజుకి ఎన్నిసార్లు తీస్తారమ్మా?" అని అడిగారు.

"ఓ పదిసార్లు తీస్తామేమోనండీ."

"ఏమో అంటే మనకి కుదరదు. రేపు లెక్కపెట్టుకుని రా."

ఇదేం ఇంటర్వ్యూరా బాబూ అనుకుంటూ ఇంటికెళ్ళి, మర్నాడు పొద్దున్నించీ వంటింట్లో కాగితం పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మ విసుక్కుంది, మా తమ్ముడు కావాలని నాలుగుసార్లు ఎక్కువ తీశాడు. వాడివి తీసేసినా ముప్ఫై ఒకటి వచ్చింది. తీసుకెళ్ళి చెప్తే ఆయన మొదటిసారి నవ్వారు. "స్టిక్కరు మీద రాసుండే అంకె కంపెనీ వాళ్ళది. తలుపు తీసే చెయ్యి మనది. మనం లెక్క కట్టాల్సింది ఆ చేతికి" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన్ని బాబాయి గారూ అని పిలిచాను. నేను కాలేజీలో మూడేళ్ళు చదివిన దాంట్లో మనిషి చెయ్యి అనే మాట ఎక్కడా లేదు.

నేను చేరిన రెండో ఏటి నుంచి వ్యాన్లు రావడం మొదలైంది. పెద్ద వ్యాను కొని, లోపల మంచం, స్టవ్వు, చిన్న ఫ్రిజ్జు పెట్టించుకుని ఊళ్ళు తిరిగే సరదా మన వైపు కూడా అంటుకుంది. జనం వాటిని క్యారవాన్ అంటే ఆయన కాపురం బండి అనేవారు. ఏ కాపురం బండి వచ్చినా ఆయనది ఒకటే పద్ధతి. ప్యానెళ్ళు ఎన్ని, బ్యాటరీలు ఎన్ని అన్నది ఆ రోజు చెప్పేవారు కాదు. కొట్టు ముందు బండి పెట్టించి, మా బ్యాటరీ ఒకటి దానికి తగిలించి, భార్యాభర్తలిద్దర్నీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులోనే ఉండమనేవారు. వండుకోవాలి, తినాలి, కునుకు తియ్యాలి, టీవీ చూడాలి, పోట్లాడుకోవాలనుకుంటే పోట్లాడుకోవాలి. నేను బయట స్టూలు మీద కూర్చుని వాళ్ళు ఏ స్విచ్చి ఎప్పుడు వేశారో, ఎంతసేపు ఉంచారో రాసుకోవాలి. దానికి ఆయన పెట్టిన పేరు ఒక రోజు కాపురం.

ఒకసారి గుడివాడ నుంచి ఒక జంట వచ్చింది. భర్త మహా ధీమాగా, "రెండు లైట్లు, ఒక ఫ్యానండీ, అంతకుమించి మాకేం అక్కర్లేదు" అన్నాడు. పది గంటలయ్యేసరికి ఆవిడ కొబ్బరి పచ్చడికి మిక్సీ తిప్పింది. పదకొండింటికి రైస్ కుక్కర్ పెట్టింది. ఒంటిగంటకి చీర ఇస్త్రీ చేసుకుంది. భర్త మొహం చూడలేకపోయాం. "రైస్ కుక్కర్ లేకుండా అన్నం ఎట్టా వండుతారండీ? ఈయన రెండు లైట్లు తిని బతుకుతారా?" అని ఆవిడ మమ్మల్నే దబాయించింది. రహంతుల్లా గారు గంభీరంగా, "రాసుకో అమ్మా, ఇస్త్రీ పెట్టె కూడా" అన్నారు. వాళ్ళు వెళ్ళాక ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆయనతో అలా నవ్విన రోజులు చాలానే ఉన్నాయి. తర్వాత జరిగినవే ముందు గుర్తొస్తాయి, అదే నా ఖర్మ.

ఆ రాసుకునే కాగితంలో పైన, అన్నిటికంటే ముందు, ఒక ప్రశ్న ఉండేది. బండి ఎక్కడ ఆపుతారు? నాకది చాదస్తంగా తోచేది. నెత్తి మీద సోలార్ ప్యానెల్ పెట్టుకున్నవాళ్ళు ఎండలో ఆపక ఎక్కడ ఆపుతారని అడిగాను కూడా. ఆయన రోడ్డు మీదకి చెయ్యి చూపించారు. మే నెల మిట్టమధ్యాహ్నం. రోడ్డంతా ఖాళీ. దూరంగా ఉన్న ఒక్క వేపచెట్టు కింద మూడు ఆటోలు, ఒక కారు, నాలుగు స్కూటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. "బెజవాడోళ్ళం. బండి ఎండలో పెట్టమంటే మన చెయ్యి ఒప్పుకోదు. మనం చెప్పినప్పుడు తల ఊపుతారు. అక్కడికెళ్ళాక స్టీరింగు చెట్టు కిందకే తిరుగుద్ది" అన్నారు. నీడలో ఆపుతామన్నవాళ్ళకి ఆయన ఒక ప్యానెల్ పైన బిగించకుండా, పొడుగాటి వైరుతో విడిగా ఇచ్చేవారు. బండి చెట్టు కింద, ప్యానెల్ దూరంగా ఎండలో. అంత చిన్న సంగతి.

నేను చేరిన ఐదో ఏడు ఉయ్యూరు నుంచి శేషగిరిరావు గారు వచ్చారు. చెరకు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య వరలక్ష్మి గారికి ఊపిరితిత్తుల జబ్బు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కులోకి పంపే మెషిన్ ఒకటి పక్కనే ఉండాలి. అది లేకుండా ఓ అరగంట, మహా అయితే ముప్పావు గంట ఉండగలరు. అది కరెంటు మీద నడుస్తుంది కాబట్టి నాలుగేళ్ళుగా ఆవిడ ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. "నన్ను గోడ ప్లగ్గుకి గేదెని కట్టేసినట్టు కట్టేశారమ్మాయ్" అని నవ్వారు నాతో. నవ్వడానికి కూడా ఆవిడ రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆవిడ కోరిక పెద్దదేం కాదు. హంసలదీవి దగ్గర సముద్రం ఒడ్డున రెండు రోజులు ఉండాలి. గంటసేపు చూసి తిరిగి రావడం కాదు, అక్కడే వండుకుని తిని పడుకోవాలి. అందుకోసం ఆయన ఒక పాత వ్యాను కొని, లోపల మంచం కూడా వేయించి తీసుకొచ్చారు.

సరిగ్గా ఆ వారమే రహంతుల్లా గారికి కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో పడుకున్నారు. పని మొత్తం నా మీద పడింది. నిజం చెప్పాలంటే ఎగిరి గంతేశాను. ఒక రోజు కాపురం నేనే చేయించాను. వరలక్ష్మి గారు మంచం మీద కూర్చుని బీరకాయలు తరిగారు, ఆయన చేత కూర వండించారు, అందులో ఉప్పు ఎక్కువైందని నాకు ఫిర్యాదు చేశారు. నేను మెషిన్ నడిచిన ప్రతి నిమిషం రాసుకున్నాను. ఫ్రిజ్జు, ఫ్యాను, మెషిన్ అన్నీ లెక్కకట్టి, రెండు ప్యానెళ్ళు, రెండు పెద్ద బ్యాటరీలు అని తేల్చాను. మా కొట్టు ముందు చెట్టన్నది లేదు. పొద్దున్నించీ సాయంత్రం దాకా బండి ఎండలోనే ఉంది. పైన తాత్కాలికంగా పెట్టిన ప్యానెళ్ళు నేను కాగితం మీద వేసినంతా ఇచ్చాయి. నా లెక్క చూసుకుని నేనే మురిసిపోయాను.

సాయంత్రం ఆ కాగితం తీసుకుని బాబాయి గారి ఇంటికెళ్ళి మొత్తం చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. బ్యాటరీలకి సరే అన్నారు. ఎందుకైనా మంచిది, బండిలో ఒక చిన్న ఆక్సిజన్ సిలిండర్ కూడా పెట్టమన్నారు. తర్వాత, "బండి ఎక్కడ ఆపుతారో అడిగావా?" అన్నారు.

నేను అడగలేదు. కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంది. సముద్రం ఒడ్డున ఇసుక తప్ప ఏముంటుంది, అంతా ఎండే కదా అనుకున్నాను. పైగా మళ్ళీ వాళ్ళకి ఫోన్ చేసి ఇంత చిన్న విషయం అడిగితే, ఈ పిల్లకి పని రాదనుకుంటారేమోనని నామోషీ.

"అడిగానండీ. ఎండలోనే పెడతామన్నారు" అన్నాను.

"అయితే బిగించెయ్" అన్నారు ఆయన.

మూడు వారాల తర్వాత వాళ్ళు హంసలదీవి వెళ్ళారు. మొదటి రోజు సాయంత్రం శేషగిరిరావు గారు నాకు ఫోటో పంపారు. వ్యాను గుమ్మంలో కూర్చుని, ముక్కుకి గొట్టంతోనే, వరలక్ష్మి గారు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. వెనక సన్నగా సముద్రం. నేను ఆ ఫోటో కొట్టులో అందరికీ చూపించాను. అందులో బండి మీద పడిన నీడ నేను చూడలేదు. చూసి ఉంటే అప్పటికి ఇంకా టైముండేది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. తీసేయడానికి చెయ్యి రాదు, చూడడానికి ధైర్యం రాదు.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, మెషిన్ కుయ్యిమని ఆగిపోయింది. ఎర్ర లైటు వెలుగుతోంది" అన్నారు శేషగిరిరావు గారు.

"బండి ఎక్కడుందండీ?"

"సరుగుడు తోపులో. నిన్న వచ్చినప్పటి నుంచీ ఇక్కడే. చల్లగా ఉందని ఆవిడ ఇక్కడే ఆపమంది."

రెండు రోజులుగా ప్యానెళ్ళ మీద ఎండ పొడ పడలేదు. ఉన్న బ్యాటరీ అంతా మెషిన్ తాగేసింది. ఇప్పుడు బండిని ఎండలోకి లాగినా అది మళ్ళీ నడవడానికి గంటలు పడుతుంది. సిలిండర్ పెట్టి వెంటనే బందరు ఆసుపత్రికి బయల్దేరమన్నాను. సిలిండర్ దారిలోనే అయిపోయింది. ఆసుపత్రి చేరేసరికి ఆవిడ పెదాలు నీలంగా మారాయట. పదకొండు రోజులు ఉన్నారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

వ్యాను మా కొట్టుకి వచ్చింది. రహంతుల్లా గారు బ్యాటరీలు రెండూ దింపి, ఎండలో ఒక ప్యానెల్‌కి తగిలించి, రెండు రోజులు పరీక్షించారు. రెండూ భేషుగ్గా ఉన్నాయి. మీటరు పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "అమ్మా, నిజం చెప్పు. బండి ఎక్కడ ఆపుతారో ఆవిణ్ణి అడిగావా?"

తల అడ్డంగా ఊపాను. ఏడుపు కూడా రాలేదు. ఆయన తిడతారని ఎదురుచూశాను, కొట్టినా పడేదాన్ని. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. "కాగితం చూపించమని అడక్కుండా సరే అన్నది నేనేగా" అన్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన ఒక్కరే ఉయ్యూరు వెళ్ళొచ్చారు. వచ్చి, "బ్యాటరీలు పాతవని చెప్పా. అందుకే ఆగిపోయిందని చెప్పా. ఎవరడిగినా నువ్వూ అదే చెప్పాలి" అన్నారు.

"అదేంటి బాబాయి గారూ! తప్పు నాదైతే మీరెందుకు? నేనే వెళ్ళి చెప్తాను."

"వెళ్ళకు. ఈ మాట ఉయ్యూరులో ఎత్తకు. నా మీద ఒట్టు."

నన్ను కాపాడుతున్నారనుకున్నాను. పెళ్ళి కావలసిన పిల్ల, పేరు పాడైపోతుందని అలా చేశారనుకున్నాను. ఆ క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒక మనిషి పోయింది, ఇంకో మనిషి నింద నెత్తినేసుకున్నారు, నాకు మాత్రం హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శేషగిరిరావు గారు కనిపించినవాళ్ళందరికీ చెప్పారు. చెప్పరా మరి? కాపురం బండ్లు రావడం ఆగిపోయింది. ఆటోవాళ్ళు కూడా కొత్త బ్యాటరీ బిగిస్తుంటే దాని మీద తేదీ తిప్పి తిప్పి చూసేవారు. ఒకతను మొహం మీదే, "పాతది అంటగట్టవుగా సాయిబూ?" అని నవ్వాడు. ముప్ఫై ఏళ్ళ పైగా ఎవరి చేతా మాట పడని మనిషి, "చూసుకోండి బాబూ, చూసుకుని తీసుకెళ్ళండి" అన్నారు. ఆ రెండు బ్యాటరీలూ మా కొట్టులోనే ఉండిపోయాయి. ఆయన వాటిని పైన ఫ్యానుకీ, లైటుకీ తగిలించారు. పాతవని ఊరంతా అనుకునే ఆ బ్యాటరీల మీద మా నెత్తిన ఫ్యాను నాలుగేళ్ళు తిరిగింది. కరెంటు పోయి పక్క కొట్లవాళ్ళు విసనకర్రలు పట్టుకున్నప్పుడు, నేను ఆ గాలి కింద కూర్చోలేక బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు టీ తాగేవారు. మనిషి బాగా తగ్గిపోయారు. ఒక రోజు కాపురం మళ్ళీ పెట్టలేదు.

ఒక పొద్దున కొట్టు షట్టరు ఎత్తుతూ గుండె పట్టుకుని కూలిపోయారు. మగవాళ్ళు ఆయన్ని ఖబరస్తాన్‌కి తీసుకెళ్తుంటే నేను వాళ్ళింటి గుమ్మంలో పిన్ని గారి పక్కన నిలబడ్డాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీ బాబాయి ఏ తప్పూ చెయ్యడని నీకు తెలుసుగా అమ్మా?" అన్నారు. తెలుసన్నాను. ఆయన పోయాక ఇక ఒట్టేముందిలే అనుకున్నాను. నెల తిరగ్గానే, మొత్తం చెప్పేద్దామని గట్టిగా నిశ్చయించుకుని ఉయ్యూరు బస్సెక్కాను.

శేషగిరిరావు గారు వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నన్ను గుర్తుపట్టి కుర్చీ జరిపారు. మంచినీళ్ళు తెచ్చారు. వ్యాను పెరట్లో తాటాకు పాక కింద ఉంది.

"సాయిబు పోయాడటగా" అన్నారు.

"అవునండీ. ఆయన గురించే మీకో మాట చెప్పాలని వచ్చాను."

"పోయినవాళ్ళని అనకూడదు గానీ, ఆయన్ని మాత్రం నేను క్షమించలేనమ్మా" అని ఆయన పేపరు మడతపెట్టారు. మళ్ళీ ఆయనే అందుకున్నారు. "కానీ ఒక్క మేలు చేశాడు. ఆసుపత్రిలో ఆ పదకొండు రోజులూ నాకు ఒకటే ఆలోచన. నువ్వు ఫోన్లో బండి ఎక్కడుందని అడిగావు చూడు, అప్పుడే నా గుండెలో రాయి పడింది. చెట్టు కింద పెట్టింది నేనే కదా అని. పెద్దకర్మ అయ్యాక సాయిబు వస్తే ముందు అదే అడిగా. నీడలో ఆపబట్టే పోయిందా అండీ అని. కాదండీ, మీ తప్పేం లేదు, బ్యాటరీలే పాతవి, మీరు నడి ఎండలో పెట్టినా ఆగిపోయేవే అన్నాడు. కాలర్ పట్టుకున్నాను ఆ మనిషిని. కదలకుండా నిలబడ్డాడు. తర్వాత ఏడ్చాను. ఆ పూటే నేను మళ్ళీ అన్నం తిన్నానమ్మా. ఆ మాటే వినకపోతే ఆవిడ వెనకే పోయేవాణ్ణి."

బాబాయి గారు ఒట్టు వేయించుకున్నది నా కోసం కాదు. ఈ వరండాలో ఒంటరిగా మిగిలిన ఈ మనిషి కోసం. నేను నా బరువు దించుకుంటే అది తిన్నగా వెళ్ళి ఈయన నెత్తిన పడుతుంది. నేను అడగలేదని చెప్పడమంటే, మీరు నీడలో ఆపడం వల్లే ఆవిడ పోయిందని చెప్పడమే.

శేషగిరిరావు గారు ముందుకి వంగి నా మొహంలోకి చూశారు. "నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. నీడ వల్ల కాదుగా?"

"కాదండీ. బ్యాటరీలే పాతవి" అన్నాను.

ఆయన వెనక్కి వాలారు. "అదీ" అన్నారు. లోపలికెళ్ళి నాకు కాఫీ కలుపుకొచ్చారు. తాగాను. రహంతుల్లా గారు పోయి నెల తిరిగిందో లేదో, ఆయన మీద నా నోటితో నేను నింద వేసి, ఆ కాఫీ తాగి, తిరుగు బస్సెక్కాను.

శేషగిరిరావు గారు కిందటి వానాకాలంలో కన్నుమూశారు. వాళ్ళకి పిల్లలు లేరు. ఈ మాట విని అన్నం మానేసేవాళ్ళు ఇక ఎవరూ మిగల్లేదు. అందుకని రాస్తున్నాను. రహంతుల్లా గారు ఆ బండికి పెట్టిన బ్యాటరీలు కొత్తవి. ఆయన అడగమన్న ప్రశ్న నేను అడగలేదు. అడిగానని ఆయనతో అబద్ధం చెప్పాను.